చోడవరంలో ఆగిపోయిన బొమ్మ

మూడేళ్ళ క్రితం చోడవరంలో కేబుల్ టీవీలు ఆగిపోయినప్పుడు, తప్పు నాదని తెలిసీ నేను చెప్పలేదు. లైన్‌మన్ అప్పలనాయుడి మీదికి పోనిచ్చాను. ఈ ప్రయాణం అందుకే.

హైదరాబాదు రైలు ఉదయం ఆరుంబావుకి నన్ను అనకాపల్లిలో దింపింది. బస్సులాగే ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఇడ్లీ తిని ఏడింటి చోడవరం బస్సెక్కాను. కిటికీ సీటు కావాలంటే కాస్త ముందే వెళ్ళాలి. ఊరు దాటగానే మంచు. చెరకు తోటలు కనబడవు, వాటి కొసలు మాత్రం తేలుతుంటాయి. ఎక్కడో బెల్లం వండుతున్న వాసన. బస్సు నడుస్తోందో, పొలాలే వెనక్కి ఈదుతున్నాయో తెలియలేదు.

పక్క సీటులో ఒక ముసలమ్మ, ఒళ్ళో వంకాయల సంచి.

"ఇంత మంచులో బయల్దేరేవంటే పెళ్ళికైనా ఎల్తండాల, తగూకైనా ఎల్తండాల బాబూ," అంది.

"రెండూ కాదమ్మా."

"అయితే సెప్పుకోలేని పనన్నమాట," అని కళ్ళు మూసుకుంది.

నేనూ కళ్ళు మూసుకున్నాను. అక్కడి కేబుల్ ఆఫీసు కొత్త స్విచ్‌లలో మల్టీకాస్ట్ అమర్చింది నేనే. ఒక్కో చానల్‌ను ఒక్కసారే పంపితే, అది చూస్తున్న ఇళ్ళ వైపుకే స్విచ్ మళ్ళిస్తుంది. అందుకోసం "ఇంకా చూస్తున్నారా" అని ఇళ్ళలోని బాక్సులను మధ్యమధ్య అడుగుతుండాలి. ఆ అడిగే ఏర్పాటు ఆన్ చెయ్యడం మరిచాను. అడగలేదు కాబట్టి జవాబు రాదు. ఎవరూ చూడటం లేదనుకుని నాలుగైదు నిమిషాలకే స్విచ్ చానల్ ఆపేసేది. ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తే నేను "ఫైబర్ కేబుల్ జాయింట్లు చూడండి" అన్నాను. నాయుడు రెండు రోజులు స్తంభాలెక్కి ఒక్కో జాయింటూ కోసి మళ్ళీ కలిపాడు. రెండో సాయంత్రం నా పొరపాటు కనబడింది. హైదరాబాదులో కూర్చునే స్విచ్ సెట్టింగుల్లో ఒక్క లైను చేర్చాను, ఎవరికీ చెప్పలేదు. బొమ్మ నిలబడింది. జాయింట్లదే తప్పనుకుని ఆఫీసువాళ్ళు అతన్ని నలుగురిలో తిట్టి పని మాన్పించారు.

ఎనిమిదింటికి చోడవరం. నాయుడు ఇప్పుడు పని చేస్తున్నాడని విన్న బుచ్చయ్యపేట రోడ్డులో ఆటో దిగేసరికి అతను ట్రాక్టరు మీద చెరకు లోడు కడుతున్నాడు.

"ఏటి సార్, ఇలా వచ్చేరు? మళ్ళీ ఆగిపోనాయా టీవీలు?" అని నవ్వాడు.

జరిగింది చెప్పాను. చేతిలో తాడు వదలకుండా విన్నాడు.

"నా సేతుల్లోనే ఏదో ఉందనుకున్నాను సార్. నిద్దట్లో ఇప్పటికీ జాయింట్లు ఏస్తన్నాను." తాడు ముడి బిగించి, "నాకొక్కడికే సెప్తే ఏటి లాభం? తిట్టినకాడే సెప్పండి," అన్నాడు.

తన బండి మీదే ఆఫీసుకు తీసుకెళ్ళాడు.

ఇప్పుడు పదకొండున్నర బస్సులో తిరిగి వస్తున్నాను. చోడవరం చలికాలం ఉదయాల్లోనే చూడాలి, కలలో నడిచినట్టుంటుంది. నాయుడికి ఆ పని తిరిగి ఇస్తారో లేదో తెలియదు, ఆలోచిస్తామన్నారు. ఆఫీసులో యజమాని, ఇద్దరు లైన్‌మన్లు, బాక్సు మార్పించుకోవడానికి వచ్చిన ఒకావిడ ఉన్నారు. వాళ్ళందరి ముందూ నిలబడి నేనన్న మాటలివి:

"జాయింట్లు మొదటినుంచీ బాగానే ఉన్నాయి. స్విచ్‌లో తప్పు చేసింది నేను, తెలిశాక దాచిందీ నేనే. నాయుడు గారూ, నన్ను క్షమించండి."