సారు వెతికిన మాట

మా ఇంగ్లిష్ సారు పోయారు. పొద్దున టీ తాగి కుర్చీలో ఒరిగారట, మళ్లీ లేవలేదు. కామారెడ్డిలో నా ఫ్లెక్సీల దుకాణంలో ఉండగా మా ఊరు ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చింది. షట్టర్ దించి బస్సెక్కాను గానీ, ఏడుపు సారు కోసమో, నా బిడ్డ కోసమో దారి పొడుగునా తేల్చుకోలేకపోయాను.

పదో తరగతి తప్పినవాణ్ని. అయినా ఇంగ్లిష్ ముక్క లేని ఫ్లెక్సీ ఎవరికీ నచ్చదు. ఒకసారి మా మీసాల లీడరు పుట్టినరోజుకు 'క్యూట్ లీడర్' అని కొట్టి చౌరస్తాలో కట్టాను. బ్యాంకు పని మీద వచ్చిన సారు దాన్ని చూసి నేరుగా దుకాణానికొచ్చారు.

"క్యూట్ అంటే ముద్దొచ్చుడురా. పసిపిల్లలకు, కుక్కపిల్లలకు వాడుతరు. గాయన మీసాలు చూసినవా?"

"తెలిసే ఏసిన సారు. ఓట్లు అడిగేటప్పుడు గట్లనే చూస్తడు గదా."

సారు కళ్లద్దాలు తీసి, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. పోతూ పోతూ, "మాట గూడ అంగీ లెక్కనేరా, కొలత చూసి తొడగాలె" అన్నారు.

నిరుడు కుక్కర్ పేలి నా బిడ్డ ఎడమ చెంప కాలింది. డిగ్రీ కాలేజీ మానేసి గదికి గొళ్లెం పెట్టుకుంది. చుట్టాలొచ్చి "అయినా మస్తు అందంగున్నవ్ బిడ్డా" అన్నప్పుడల్లా ఇంకా ముడుచుకుపోయేది. ఊరంతటినీ ఆటపట్టించే నా నోరు ఆమె ముందు పడిపోయింది.

ఒక సాయంత్రం పక్కింటి నుంచి సారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. గదిలోంచే అడిగింది బిడ్డ.

"నన్ను ఇప్పుడు ప్రెట్టీ అంటరా సారు?"

"అనను. ప్రెట్టీ అంటే చూడంగనే కంటికి ఇంపుగుండుడు. అబద్ధం చెప్తే నువ్వు పట్టుకుంటవ్."

గొళ్లెం తీసిన చప్పుడైంది. అందుకు సారుకు పెట్టాల్సిన దండం నేను పెట్టనేలేదు.

"మరి బ్యూటిఫుల్?" అంది, బయటికొచ్చి.

"అది చూసి పోయినంక గూడ మనసుల ఉంటది. కానీ అందరు వాడి వాడి అరగ్గొట్టిన్రు. నీకు సరిపోయేది ఎతుకుతున్న, ఆగు."

అప్పటి నుంచి రోజూ ఒక మాట తెచ్చేవారు. గార్జియస్ అంటే పెండ్లి పట్టుచీరలా తళతళలాడేదట, సరిపోదని ఇద్దరూ కలిసి కొట్టేశారు. హ్యాండ్‌సమ్ మగవాళ్లకే అనుకున్నాను నేను. నిబ్బరంగా, నిండుగా ఉన్న ఆడమనిషినీ అంటారట.

"గిది దగ్గరికొచ్చింది, కానీ కొంచెం వదులైతున్నది. నలభై దాటినంక తొడుక్కో" అన్నారు సారు.

బిడ్డ నవ్వింది. వచ్చే నెల కాలేజీకి పోతానంది కూడా.

సారును తీసుకుపోయేటప్పుడు చున్నీ ముఖానికి చుట్టుకుని వాకిలి దాకా వచ్చింది. జనాన్ని చూసి వెనక్కి తిరిగింది. అప్పటి నుంచి మళ్లీ గొళ్లెమే. పళ్లెం తలుపు ముందు పెడితే పెట్టినట్టే ఉంటోంది.

నిన్న, సారు రోజూ వచ్చే ఆ వేళకు నేనే ఆ తలుపు ముందు కూర్చున్నాను.

"లవ్లీ?" అన్నాను. "అది గాదా? స్మార్ట్?" తలుపుకు ఇంకొంచెం దగ్గరికి జరిగాను. "నాకు గింతే వచ్చు బిడ్డా. సారు ఏ మాట అనుకున్నడో నీకేమన్న చెప్పిండా?"

"చెప్పలే బాపు."

గొంతు తలుపు దగ్గర్నుంచే వచ్చింది. తలుపు కింది సందులో ఆమె పాదాల నీడ కనిపించింది. ముందుకు రాలేదు, వెనక్కీ పోలేదు.