కొండ మీద స్టేషన్

అబ్బాయిది స్టేషన్ ఉద్యోగమని చెప్పే నాకు పెళ్లి చేశారు. రాయగడలో స్టేషన్ అంటే ఒక్కటే అర్థం, రైలాగే చోటు. సంబంధం తెచ్చిన పెద్దమనిషి పాపం అబద్ధమేమీ ఆడలేదు. "కుర్రోడు ఎప్పుడూ టేసన్ల మీదే ఉంటాడు" అన్నాడట, అంతే. మునిసిపాలిటీలో కుళాయిల వాల్వులు తిప్పే మా నాన్న ఆ మాటకే పొంగిపోయి, క్వార్టర్సూ, తిరుపతికి ఉచిత పాసూ అన్నీ ఊహించేసుకుని వీధంతా టాంటాం వేశాడు. పెళ్లయ్యాక మొదటిసారి అల్లుడు ఇంటికి వస్తే భోజనాల దగ్గర కదిపాడు.

"ఏ టేసన్ బాబూ తమరిది?"

"ఇప్పుడు నారాయణపట్న వైపండి. కొండ మీద."

నారాయణపట్నకి రైలెక్కడిది? నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాకు నవ్వాగక వంటింట్లోకి పారిపోయాను. క్వార్టర్స్ పోతే పోయాయి, మనిషి నాకు నచ్చాడు.

సర్వే వాళ్ల భాషలో స్టేషన్ అంటే కొలత తీసే యంత్రం నిలబెట్టే చోటట. పూర్వం కొండలెక్కి, శిఖరం మీద రాతిలో ఒక సున్నా చెక్కి, దాని మధ్య చుక్క పెట్టి, అక్కణ్ణుంచి ఇంకో కొండని చూస్తూ దేశమంతా కొలిచారు. మా ఆయన ఒక ప్రైవేటు సర్వే పార్టీలో పనిచేసేవాడు. ఆ పాత సున్నాలని వెతికి పట్టుకుని, వాటి మీద ఉపగ్రహాలతో కొలిచే యంత్రం పెట్టాలి. పాత కొలతకీ కొత్త కొలతకీ ముడి పడేది అక్కడే.

సెమిలిగుడలో టైర్ల దుకాణం వెనక రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. నేను జాకెట్లు కుట్టేదాన్ని. ఆయన వారమంతా కొండల్లో ఉండి ఆదివారం వచ్చేవాడు. లారీల రొద, డీజిల్ కంపు, పక్కింటి వాళ్ల దెబ్బలాటలు, అన్నీ ఉన్నా హాయిగానే ఉండేది. రెండువేల ఒకటో రెండో, నాకు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు. పైకి గయ్యాళిలా తిరిగేదాన్ని గానీ లోపల చచ్చేంత భయం. ఆ వేళకి ఆయన దగ్గరుండాలి, నాకు కావలసింది అదొక్కటే.

నారాయణపట్న దగ్గర ఒక్క స్టేషన్ మిగిలిపోయింది. అది దొరికితే ఇక్కడి పని అయిపోతుంది, పురుడు అయ్యేదాకా ఆయన ఇంటి పట్టునే ఉంటాడు. దొరక్కపోతే దాని బదులు ఇంకోటి వెతకడానికి పార్టీని మల్కన్‌గిరి అవతలికి పంపేస్తారు. అక్కడికి కబురు వెళ్లాలన్నా వారం పడుతుంది. అది ఎక్కడుందో చెప్పే పాత రికార్డుల్లోని అక్షాంశ రేఖాంశాల అంకెలు, చేత్తో పట్టుకు తిరిగే చిన్న ఉపగ్రహ యంత్రంలో పెట్టుకుని, అది చూపించిన చోటల్లా వెతికారు. ముళ్ల పొదలు తప్ప ఏమీ లేవు. ఆ ఆదివారం ఆయన మొహం వేలాడేసుకుని వచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

"ఆ మిసన్ని నమ్ముకుని కొండలట్టుకు తిరుగుతన్నారు. ముందు మన ఇల్లెక్కడుందో సెప్పమనండి దాన్ని."

"సెప్తాది. సెప్పకేటి."

రోషం వచ్చి యంత్రం పట్టుకుని వీధిలోకి వెళ్లి దాన్ని ఆకాశం కేసి పట్టుకుని నిలబడ్డాడు. టైర్ల దుకాణం ఆసామి అది రేడియో అనుకుని "స్కోరెంత బాబూ" అని అడిగాడు. తెచ్చిన అంకెలని, నేను బట్ట కత్తిరించే బల్ల మీద పటం పరిచి, స్కేలు పెట్టి గుర్తు పెట్టాడు. చుక్క వెళ్లి లారీలు ఆగే మైదానం మధ్యలో పడింది.

"బాగుంది. లారీల కింద కాపరం సేత్తన్నాం అన్నమాట" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆ చుక్క నుంచి పటంలో మా ఇల్లుండే చోటు దాకా స్కేలుతో కొలిచి, తల పట్టుకున్నాడు. "పటం తప్పు కాదే. ఇదీ తప్పు కాదు. రెండిటి లెక్కా వేరు."

పటం గీసిన వాళ్లు భూమి ఆకారాన్ని మన దేశానికి అతికేట్టు ఒక లెక్క వేసుకున్నారట. ఉపగ్రహాల లెక్క భూమి మొత్తానికి. అందుకని అవే అంకెలు ఇందులో ఒక చోటు, అందులో రెండు వందల మీటర్ల అవతల ఇంకో చోటు. నాకు ఇట్టే అర్థమైంది. చేతి పొడవు నేను భుజం ఎముక నుంచి తీస్తాను, బజారులో దర్జీ మెడ దగ్గర్నుంచి తీస్తాడు. అతని అంకెతో నేను కుడితే ఆ జాకెట్ ఎవరికీ పట్టదు. యంత్రంలో పాత లెక్కకి మార్చుకునే వీలుందట. పార్టీలో ఎవరికి వాళ్లే, పక్కవాడు మార్చే ఉంటాడనుకున్నారు. ఇన్నాళ్లూ పక్క వాలంతా తవ్విపోశారన్నమాట. ఆ పూట నేను తిట్టని తిట్టు లేదు.

మర్నాడు మొదటి బస్సుకే వెళ్లాడు. వారం మధ్యలో, సాయంత్రం పూట, బట్టల నిండా పల్లేరు కాయలతో గుమ్మంలో నిలబడి "దొరికింది" అన్నాడు. పశువులు కాసేవాళ్లు కూర్చోవడానికి పేర్చుకున్న రాళ్ల కింద ఉందట, సున్నా, చుక్క, చెక్కు చెదరకుండా. నేను ఏడ్చాను. ఏడుస్తూనే అన్నం పెట్టాను.

ఇంటి పట్టున ఉన్న మొగుడు ఎంత నసో అప్పుడు తెలిసింది. నా దారపు రీళ్లన్నీ రంగుల వరసలో సర్ది, నాకు ఒక్కటీ దొరక్కుండా చేశాడు. అయినా నిద్ర బాగా పట్టేది.

పురుటికి రాయగడ తీసుకెళ్దామని అమ్మ వచ్చింది. మర్నాడు పొద్దున్నే, ఎవరూ అనుకోని వేళ, నొప్పులు మొదలయ్యాయి. టైర్ల దుకాణం ఆసామి జీపు మాట్లాడాడు. కోరాపుట్ ఆసుపత్రి దాకా నా తల ఆయన ఒళ్లోనే ఉంది. అక్కడ నన్నూ అమ్మనీ లోపలికి తీసుకెళ్లి తలుపు వేసేశారు. కాసేపటికి నొప్పి ఆగడం మానేసింది.

"మా ఆయన బయటున్నాడా?" అని నర్సుని అడిగాను. ఆమె తొంగి చూసి, ఎవరూ లేరంది.

ఏమండీ అంటే అక్కడ ఎంతమంది ఏమండీలు పలకాలి? పెళ్లయ్యాక మొదటిసారి ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. గొంతు చిరిగేలా పిలిచాను.

"ఇక్కడే ఉన్నానే" అని గోడ అవతలి నుంచి వినిపించింది. ఇంకో వార్డు తలుపు ముందు కూర్చున్నాడు, మహానుభావుడు.

"అమ్మీ, మొగుడి పేరెట్టి పిలుత్తావేటే, ఆసుపత్రంతా ఇంటారు" అని అమ్మ నా నోరు మూయబోయింది.

నేను ఆ చెయ్యి తోసేసి మళ్లీ పిలిచాను.