చక్కెర మందుకు కనిపించనిది

మా స్కానింగ్ విభాగంలో టెక్నీషియన్‌ను అందరం తొందర మాస్టారు అంటాం. పాపం, ఆయన తప్పు కాదు. సీసపు పెట్టెలో వచ్చే మందు రెండు గంటలు తిరక్కుండానే సగం బలం పోగొట్టుకుంటుంది. అందుకే పదిహేడేళ్ళుగా ఆయనకు కాలు నిలవదు. భోజనం కూడా నిలబడే చేస్తాడు. సూదులు వేసేది నేను. "అక్కా, అయిందా?" అంటూ నా ప్రాణం తోడేస్తాడు. నేనూ ఊరుకోను, నాలుగు తిట్టాకే కదులుతాను.

అలాంటి మనిషి, వాళ్ళ అన్నగారు స్కానింగుకు వచ్చిన రోజు నన్ను ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. అన్నగారు వడ్రంగి. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచి ఇంతవాణ్ణి చేసింది ఆయనే. ఆరేళ్ళ క్రితం ప్రోస్టేట్ క్యాన్సరుకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు రక్తపరీక్షలో నంబరు మళ్ళీ పెరుగుతోంది. జబ్బు తిరగబెట్టిందా, అయితే ఎక్కడ అన్నది తేలాలి. బయటి డాక్టరు చక్కెర మందుతో స్కాన్ రాశాడు.

అది చక్కెరలాంటి పదార్థానికి కాస్త రేడియోధార్మికత తగిలించిన మందు. ఆకలి మీద పెరిగే క్యాన్సర్ దాన్ని ఆబగా మింగి తెరమీద వెలుగుతుంది. నింపాదిగా పెరిగేది చాలాసార్లు మింగదు. మింగకపోతే మనకు కనపడదు.

అన్నగారి స్కాన్‌లో ఏమీ కనపడలేదు. వదినగారు నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

"నాది టేకు ఒళ్ళురా!" అని అన్నగారు గుండెమీద చరుచుకున్నాడు.

మా మాస్టారు అక్కడితో ఊరుకోవచ్చుగా!

"అన్నయ్యా, ఈ మందుకు కనపడలేదంటే లేదని కాదు. ఇంకో మందుంది. అది ఈ జబ్బు కణాల్నే వెతుక్కుంటూ పోతుంది. అదీ చేయిద్దాం."

అన్నగారి మొహం కందగడ్డయింది. "నేను బాగున్నానంటే నీకు కళ్ళమంటేంట్రా? ఏదో ఒకటి వెతికి బయటపెడితేగానీ నిద్రపట్టదా?" అని విసురుగా వెళ్ళిపోయాడు.

నాకూ ఒళ్ళు మండింది. "ఒక్కరోజు నోరు కట్టేసుకుంటే నీ సొమ్మేం పోయేదయ్యా?" అని కడిగేశాను.

"ఆ నంబరు ఊరికే పెరగదు కదక్కా" అన్నాడు. అని స్టూలు మీద కూర్చుండిపోయాడు. డ్యూటీలో ఆయన కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అనవసరంగా అన్నాననిపించింది.

మా డాక్టరుగారికి చెబితే ఆయన రెండో స్కాన్ రాశారు. అన్నగారు ససేమిరా అన్నాడు. పదకొండు రోజులు మాస్టారు డ్యూటీకి ముందు అన్నగారి షెడ్డుకు వెళ్ళాడు. ఆయన రంపం పడుతుంటే పలక రెండో కొస పట్టుకుని నిలబడేవాడట. ఇద్దరికీ మాటల్లేవు. పన్నెండో రోజు రంపం పక్కన పెట్టి, "పద, నీ పోరు పడలేక చస్తున్నా" అన్నాడట అన్నగారు.

స్కాన్ అయిన మర్నాడు రెండు బొమ్మలూ పక్కపక్కనే పెట్టి చూపించారు డాక్టరుగారు. మొదటిదాంట్లో మెదడు, మూత్రసంచీలాంటి అందరికీ వెలిగే చోట్లు తప్ప ఇంకేమీ లేదు. రెండోదాంట్లో తుంటి ఎముకలో ఒక చుక్క, వెన్నులో రెండు. "తక్కువ చోట్లే ఉంది. రేడియేషన్‌తో, మందులతో అదుపు చేసే వీలుంది. ఆలస్యం మాత్రం చెయ్యకూడదు" అని చెప్పి వెళ్ళారు.

అన్నగారు చాలాసేపు చూశాడు. "ఈ రెండిట్లో నాది ఏదిరా?"

"రెండూ నువ్వే అన్నయ్యా."

"అయితే ఆ మొదటిదే మీ వదినకు చూపించు. రెండోది నీ దగ్గరే పడుండనీ. ఆవిడ ఇన్నాళ్ళకు కంటినిండా నిద్రపోతోందిరా."

మాస్టారు రెండో బొమ్మ చేతిలోకి తీసుకున్నాడు.

బయట కూర్చుందనుకున్న వదినగారు తలుపు దగ్గరే ఉందని మేమెవరం గమనించలేదు. లోపలికొచ్చి మరిది చేతిలోంచి ఆ రెండో బొమ్మ తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని, చుక్క చుక్క మీదా వేలుపెట్టి మూడూ లెక్కపెట్టింది.

"ఏమీ లేని బొమ్మ నేనేం చేసుకోనయ్యా? వైద్యం దీనికి కదా చెయ్యాలి. ఎప్పుడు మొదలెడతారో అడుగు" అంది.

అన్నగారు గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.