కూతురి ముందు చేసిన బేరం

మాది నరసరావుపేట, తాతల నాటి బట్టల కొట్టు. పోయిన జూన్‌లో మా అమ్మాయి స్కూలు నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మార్కులు బాగా వచ్చినందుకు తొమ్మిదో తరగతిలో దాన్ని అడ్వాన్స్‌డ్ సెక్షన్‌లో వేశారట. అడక్కుండా ఇచ్చారంటే ఫీజు బాదుతారని నా అనుమానం. పిల్లని వెంటబెట్టుకుని స్కూలుకెళ్లాను.

బేరంలో మా ఇంటి పద్ధతి ఒకటే. మనకసలు అవసరమే లేనట్టు మాట్లాడాలి.

"ఎందుకు మేడమ్, దానికంత తెలివి లేదు. లెక్కలంటే వణుకు. మార్కులేదో గాలివాటంగా వచ్చాయి," అన్నాను ప్రిన్సిపాల్ గారితో, కుర్చీలోంచి లేవబోతూ.

"మార్కుల్ని బట్టి కంప్యూటరే వేస్తుందండీ. ఫీజు పైసా పెరగదు. మీరు వద్దంటే మాత్రం తీసేస్తాం," అంటూ ఆవిడ ఓ కాగితం నా ముందుకు జరిపారు, సంతకానికి.

నేను నాలుక్కరుచుకునేలోపే పక్కనుంచి మా అమ్మాయి గొంతు వినపడింది.

"తీసేయండి మేడమ్. నాకు రాదని నాన్నకి తెలుసుగా."

గబుక్కున దాని వైపు తిరిగాను.

"ఒసేయ్ పిచ్చిదానా, అదంతా ఫీజు తగ్గించుకోడానికే! కొట్లో నా బిల్లు మిషన్ కన్నా ముందు టోటల్ చెప్పేది నువ్వు కాదటే?"

అది నా మొహంలోకి చూసింది. "ఇప్పుడు చెప్పేది మాత్రం బేరం కాదా నాన్నా?"

మేడమే ఆ కాగితం చించేసి మా అమ్మాయిని క్లాసుకి పంపారు.

ఇప్పుడు ఆ సెక్షన్‌లో చక్కగా చదువుతోంది. నేను మెచ్చుకుంటే మాత్రం, నమ్మాలో లేదో తెలియనట్టు ఒక్క క్షణం ఆగుతుంది. ఎంతమందితోనో బేరమాడి గెలిచిన నేను, ఆ ఒక్క క్షణాన్ని మాత్రం తగ్గించలేకపోతున్నాను.