నవసాగరంతో అతికిన రేడియో

ఆ రోజుల్లో రేడియో ఉన్న ఇంటికి తలుపు ఉండేది, తాళం ఉండేది, కానీ సాయంత్రం వార్తల వేళకు మాత్రం ఆ ఇల్లు ఒక్కరిది కాకుండా పోయేది. అరుగు మీద చోటు దొరికినవాళ్లు అరుగు మీద, దొరకనివాళ్లు వీధిలో. 1969లో తెలంగాణ కావాలని ఊరూరా జనం రోడ్డెక్కిన రోజులు. మా మానుకోటలో (కాగితాల మీద మహబూబాబాద్, మా నోట ఎప్పుడూ మానుకోటే) మా వీధికంతటికీ ఉన్న ఒక్క రేడియో వకీలు సాబు ఇంట్లోది. అప్పటికి నాకు పదిహేడేళ్ల రెండు నెలలు. కాలేజీలు మూతపడి ఇంట్లోనే ఉన్నాను. ఏదైనా జరిగితే వారమూ వేళా నోటుబుక్కులో రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. ఇక్కడ చెప్పేదంతా ఆ పుస్తకంలోదే. ఒట్టి జ్ఞాపకాన్ని నమ్ముకుంటే తప్పంతా ప్రభుత్వానిదేనని రాసి ఉండేదాన్ని.

మా అన్న హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదివేవాడు. రైళ్లు సరిగా నడవక ఉత్తరాలు ఆగిపోయాయి. అందుకని మా అవ్వ (మావైపు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం) రోజూ వకీలు సాబు అరుగు చివర కూర్చుని వార్తలు వినేది. వార్తల్లో అన్న పేరు రాదని ఆమెకు తెలుసు. అయినా హైదరాబాదు అనే మాట చెవిన పడితే ఆ పూటకు అన్నం సయించేది. ఒక గురువారం వకీలమ్మ చీపురు పట్టుకుని వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, "రోజు గింతమంది కూసుంటె పొద్దుగాల ఊడ్చేదెవరు?" అంది. అవ్వ లేచి కొంగు దులుపుకుని వచ్చేసింది. మళ్లీ అటు వెళ్లలేదు. మరునాటి నుంచి రాత్రి అన్నం ముందు పెట్టుకుని కలుపుతూ ఉండేది, తినేది కాదు. నాలుగో రోజు నేను రేడియో చేస్తానన్నాను. మా నాయిన బీడీ ఆర్పి, "వంకాయ కూర చేసినంత అల్కగ అనుకున్నవా?" అన్నాడు.

నావి ఉత్త గొప్పలేమీ కాదు. అన్న పోస్టులో తెప్పించుకుని, సెలవుల్లో మొదలుపెట్టకుండానే వదిలేసిన రేడియో సామాను అటక మీద ఉంది. నాలుగు ట్రాన్సిస్టర్లు, చిన్న స్పీకరు, ఇవన్నీ బిగించే రేకుపెట్టె, ఏ తీగ ఎక్కడ కలవాలో చూపే పటం, పట్టకారు, కర్రపిడికి రాగిమొన బిగించి నిప్పుల్లో కాల్చే సోల్డరింగ్ కడ్డీ. పటంలో అతుకులు లెక్కపెట్టాను, నలభై ఒకటి. అతుక్కి అరంగుళం సోల్డరు తీగ వేసుకున్నా ఇరవైన్నర అంగుళాలు కావాలి. సామానులో ఉన్నది నాలుగంగుళాలు, అంటే ఎనిమిది అతుకులకు. మిగిలిన ముప్పై మూడింటికి తీగ దొరికేది జనగామలో. జనగామకు రైలు లేదు, బస్సు లేదు.

సరిగ్గా అప్పుడే వీధిలోకి కళాయి తాత వచ్చాడు. గుంట తవ్వి, తోలుతిత్తి పెట్టి, బొగ్గులు రాజేసి, అవ్వ ఇత్తడి గిన్నెకు నవసాగరం పొడి చల్లాడు. తెల్లటి పొగ లేచింది. దూది ముట్టించి తగరం రుద్దితే గిన్నె అద్దంలా మెరిసింది. సోల్డరులో ఉండేది తగరమేనని నేను చదివాను. నవసాగరం ఎందుకని అడిగాను.

"అది ఎయ్యకుంటె తగరం పట్టది బిడ్డా. ఏసినమా, గిన్నె అరిగేదాక ఊడది."

నాకు ఇంకేం కావాలి? చిటికెన వేలంత తగరం ముక్క, పొట్లంలో నవసాగరం తీసుకున్నాను. తాత రేడియో ఎప్పుడూ చూడలేదు, నేను వినడం తప్ప దాని లోపల చూడలేదు. ఇద్దరం ఒకరినొకరు పూర్తిగా నమ్మాం.

నమ్మినా పరీక్షించకుండా వదిలేదాన్ని కాదు. రెండు రాగితీగలు అన్న సోల్డరు నుంచి గీకిన రవ్వంతతో, రెండు కళాయి తగరంతో అతికి, రెండింటికీ అరకిలో రాయి వేలాడదీశాను. రెండూ నిలిచాయి. పుస్తకంలో "కళాయి తగరానికి మెరుపు ఎక్కువ. ఇదే మేలు" అని రాసుకున్నాను (ఆ వాక్యం కింద రెండు గీతలు కూడా ఉన్నాయి). కడ్డీని కుంపట్లో పెట్టి తొంభై లెక్కపెట్టడం, ట్రాన్సిస్టరు కాలికి వేడి పాకకుండా పట్టకారుతో పట్టుకోవడం, నవసాగరం చల్లి తగరం అంటించడం. ప్రతి అతుకూ రెండుసార్లు పటంతో సరిచూశాను. ఐదు రోజులు పట్టింది. దూలం నుంచి చింతచెట్టు దాకా ఏరియల్ తీగ కట్టి, టార్చిలైటు బ్యాటరీలు పెట్టి తిప్పితే ముందు గరగర, ఆ తర్వాత మనిషి గొంతు. అవ్వ రేడియో వంక కాదు, నావంక చూసింది. ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

పదకొండు రోజులు మా ఇంటి ముందు వీధంతా కూర్చుంది. అవ్వ అందరికీ చాపలు వేసేది, చీపురు మాత్రం కంటికి కనపడనిచ్చేది కాదు. పన్నెండో రోజు ముసురు. వార్తలు చదివే ఆయన "హైదరాబాదులో ఈ రోజు" అన్నాడు. అంతే, రేడియో మూగబోయింది. బ్యాటరీలు మార్చాను, ఏరియల్ కదిపాను. చప్పుడు లేదు. వెనుక నుంచి ఎవరో, తీగ ఊడిందేమో చూడమన్నారు. నాకు రోషం వచ్చింది.

"నలభై ఒక్క అతుకులు రెండేసి సార్లు చూసిన. నా దాంట్ల తప్పు లేదు. స్టేషనే బంద్ పెట్టిండ్రు."

నేను తప్పు లెక్క చెప్పగా మా వీధిలో అప్పటిదాకా ఎవరూ వినలేదు. అందుకే అది అరనిమిషంలో వార్త అయిపోయింది. స్టేషనే బంద్ అయిందంటే హైదరాబాదులో ఏదో ఘోరం జరిగే ఉంటుందన్నారు. మగవాళ్లు రోడ్డు మీదికి పోదామని తువ్వాళ్లు తలకు చుట్టారు. అవ్వ గోడకు ఆనుకుని, ఏడవకుండా, "నా కొడుకు" అని ఒకే మాట మళ్లీ మళ్లీ అంటోంది. అంతలో నాలుగిళ్ల అవతల వకీలు సాబు రేడియో, వరి నారుమడికి ఎరువు ఎప్పుడు వేయాలో ఖంగున చెప్పసాగింది. తలలన్నీ ఒక్కసారి నావైపు తిరిగాయి. తువ్వాళ్లు ఒక్కొక్కటే తలల మీదినుంచి దిగాయి.

"స్టేషన్ మంచిగనే ఉన్నది," అన్నాడు నాయిన. బీడీ ముట్టించుకుని లోపలికి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తెల్లవారి పెట్టె వెనుక రేకు విప్పితే నా ముప్పై మూడు అతుకులూ పచ్చగా, నాచు పట్టినట్టు ఉన్నాయి. రెండుచోట్ల తీగ తెగి చేతికే వచ్చింది. అన్న సోల్డరుతో వేసిన ఎనిమిది మాత్రం అలాగే ఉన్నాయి. నేను పటం ముందేసుకుని తల పట్టుకుంటే, బియ్యం చెరుగుతున్న అవ్వ వచ్చి వంగి చూసింది.

"గిది చిలుము గాదె? కళాయి పోయిన గిన్నెల పులుసు పెడ్తె గిట్లనే ఐతది."

రైళ్లు మళ్లీ నడిచిన రోజే నాయిన నన్ను జనగామ తీసుకుపోయాడు. రేడియో చాచా, అంటే అక్కడ రేడియోలు బాగుచేసే దుకాణం పెద్దమనిషి, పెట్టె విప్పి చూసి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. నవసాగరం సంగతి విని, కోపం లేకుండా అడిగాడు.

"కళాయి పెట్టినంక గిన్నెను ఏం జేస్తరు బిడ్డా?"

"నీళ్లల్ల ముంచి కడుగుతరు."

"మరి నువ్వు రేడియోను ముంచినవా?"

పక్కనున్న ఇద్దరు గిరాకీలు నవ్వారు. నాయినా నవ్వాడు, అది నాకు ఎక్కువ నొప్పి. చాచా ఒక తీగచుట్ట తీసి కోసి చూపించాడు. తీగ మధ్యలో సన్నటి గొట్టం, దాంట్లో తేనెరంగు బంక. రోజిన్ అంటారట, చెట్టుబంకే. తగరాన్ని అంటనిస్తుంది, నవసాగరంలా తర్వాత రాగిని తినదు, కడిగే పనీ లేదు. తగరంలో సీసం కలిసి ఉంటుంది గనుక తక్కువ వేడికే కరుగుతుంది. నా కడ్డీ మొన గిన్నెల పనికి సరిపోతుందనీ, పెన్సిలు చెక్కినట్టు ఆకురాయితో సన్నగా అరగదీయమనీ చెప్పాడు. ఇంటికొచ్చి చిలుము గీకి, తీగలు కత్తిరించి, ముప్పై రెండు అతుకులు కొత్తగా వేశాను. ముప్పై మూడోది రేకుపెట్టెకు అంటిన ఎర్తు తీగది. అది గట్టిగానే ఉందని వదిలేశాను. (నిజం చెప్పాలంటే, నా మాట ఒక్కటైనా నిలవాలని.)

రేడియో మళ్లీ పలికిన మూడో సాయంత్రం అన్న గడ్డంతో, చంకలో మూటతో గుమ్మంలోకి వచ్చాడు. అవ్వ అటు చూడకుండానే, వార్తలు అయ్యేదాకా ఆగమని చెయ్యి ఊపింది. తర్వాత చూసింది. ఆమె అరుపుకు వార్తలు చదివే ఆయన కూడా ఆగాడేమో అనిపించింది. అదే నెలలో వకీలు సాబు రేడియో పాడై రిపేరుకు పోయింది. వకీలమ్మ వచ్చి మా వాకిట్లో ఒక పక్కగా నిలబడింది. అవ్వ కొత్త చాప పరిచింది. వార్తలయ్యాక నేను అలవాటుగా చీపురు అందుకుంటే, అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆమె మూల తిరిగిందాక ఆగు."

ఇప్పుడు నేను భూపాలపల్లిలో నా బిడ్డ దగ్గర ఉంటున్నాను. 2014లో తెలంగాణ వచ్చిన నాడు, పక్కగదిలో టీవీ హోరెత్తుతున్నా, ఆ వార్త అవ్వ విన్న రేడియోలోనే వినాలని పాత పెట్టె దించి, బ్యాటరీలు వేసి తిప్పాను. నలభై ఐదేళ్లు. కిక్కురుమనలేదు. వెనుక రేకు విప్పి, టార్చి వేసి చూశాను. నలభై అతుకులు మెరుస్తున్నాయి. ఎర్తు తీగ మొదట్లో మాత్రం పచ్చగా చిలుము.

నా బిడ్డ తొంగిచూసి, "ఏమైందే అవ్వా?" అంది.

రేకు మెల్లగా మూసేశాను.

"ఏం లేదు బిడ్డా. స్టేషన్ బంద్ పెట్టినట్టున్నరు."