గుట్ట మీదికి ఒక బిందె

శంషాబాద్ దాటాక, విమానాలు బాగా కిందికి దిగే చోట, గుట్ట వాలులో మాకు ఎకరం లోపు చెలక ఉంది. బోరేమో గుట్ట కింద. పైకి పైపు, డ్రిప్ వేసుకోవడానికి చిన్న రైతులకు సర్కారు రాయితీ ఇస్తుందని తెలిసి దరఖాస్తు పెట్టాను. మా ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. చెలకకు బిందెలతో నీళ్లు మోసేది అత్తమ్మా, నేనూ. ఆ ఏడు ఆమె మోకాళ్లు మొరాయించాయి. రాయితీ రాకపోతే చెలక బీడు పెట్టాల్సిందే.

చెలక చూడటానికి ఆఫీసు నుంచి సారు వస్తున్నాడని ఫోన్ వచ్చింది. చుట్టం వస్తున్నాడంటే వాకిలి ఊడ్చుకున్నట్టే చేశాం. కాపు అయిపోవచ్చిన టమాటా చెట్లు పీకేశాం, రాళ్లు ఏరి కింది గట్టున కుప్ప పోశాం, గట్లు చెక్కాం. చెలక అద్దంలా ఉందని మురిసిపోయాం. సారు గుట్ట కింది నుంచే రెండు ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు రాయితీ రాదని కాగితం వచ్చింది. సాగు లేదు, రాళ్ల నేల అని రాసి ఉంది.

సారు మీద కన్నా నా మీద నాకే ఎక్కువ కోపం వచ్చింది. చేతులారా చెడగొట్టుకున్నాను. ఆఫీసుకు వెళ్తే మళ్లీ దరఖాస్తు పెట్టుకోమన్నారు. పెట్టాను. సంతకానికి ఒకరోజు, జిరాక్సుకు ఒకరోజు తిప్పారు. తిరిగాను. రాజేంద్రనగర్ నుంచి వంగ నారు తెచ్చి నాటాను. మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని అత్తమ్మ కూడా బిందె ఎత్తింది. వద్దంటే వినే మనిషా?

సారు మళ్లీ వస్తున్నాడని ఫోన్ వచ్చినా, ఈసారి ఒక్క ఆకు తుంచలేదు. కలుపు కూడా అలాగే ఉంచాను. పైకి రాకపోతే కదలనివ్వనని పంతం పట్టుకుని కూర్చున్నాను గానీ, అదే సారు ఈసారి తనంతట తానే ఎక్కాడు. పూతకొచ్చిన వంగ తోట చూసి మెచ్చుకున్నాడు. అంతలోనే, "నీళ్లు లేకుండనే గింత మంచిగ పెరుగుతుంటే డ్రిప్ ఎందుకమ్మా?" అన్నాడు.

ఇన్నాళ్లూ మోసిన నీళ్లే మాకు అడ్డం పడ్డాయి. అత్తమ్మ మాత్రం తొణకలేదు. ఆయన్ని కింద బోరు దగ్గరికి తీసుకుపోయి, నిండు బిందె చూపించింది.

"ఒక్కటి పైకి తీస్కపోండ్రి సారూ. గప్పుడు రాయుండ్రి."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. చివరికి ఫోన్ జేబులో పెట్టుకుని బిందె భుజానికెత్తాడు. సగం గుట్ట ఎక్కేసరికి చొక్కా అంతా తడిసిపోయింది. బండ మీద బిందె దించి, ఆయాసపడుతూ, రోజుకు ఎన్ని మోస్తారని అడిగాడు. ముప్పై అన్నాను. అక్కడే కూర్చుని రాసుకున్నాడు. మంజూరు చేయమనే రాస్తున్నానని చెప్పి దిగిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే అత్తమ్మ బండ మీది బిందెలోకి తొంగి చూసింది. సగం ఒలికిపోయింది.

"గిది లెక్కల పట్టకు బిడ్డా," అంది. "ఇంక ముప్పై ఉన్నయి."