చిన్నాన్న మీద దావా

మొన్న వరండాలో కూర్చుని చింతపండు గింజ తీస్తుంటే పక్కింటి అమ్మాయి వచ్చింది. వాళ్ళ ఇంటి స్థలం కేసు ఎప్పటికి వాయిదా పడిందో సెల్‌ఫోన్‌లో చూసుకుని, బస్సు వేళ చెప్పినంత తేలిగ్గా నాకు చెప్పి వెళ్ళిపోయింది. వాయిదా అన్న మాట వింటే నాకు మాత్రం ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

మాది శృంగవరపుకోట పక్క పల్లె. నాన్నకు నేనొక్కదాన్నే, పెళ్ళయినా పుట్టింట్లోనే ఉన్నాను. ఆయన పోయాక అమ్మకీ నాకూ మిగిలింది ఆయన సాగుచేసిన వరిపొలం. దాంట్లోకి వెళ్ళాలంటే చిన్నాన్న పొలం అంచున ఉన్న బండిదారి తప్ప వేరే గతి లేదు. చిన్నాన్న శృంగవరపుకోటలో పేరున్న ప్లీడరు, చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని అమ్మవారి తీర్థంలో బెల్లం జీళ్ళు కొనిపెట్టినవాడు. నాన్న పోయి ఏడాది తిరక్కుండానే ఆ దారికి అడ్డంగా ముళ్ళకంచె వేయించాడు. పొలం తనకే అమ్మేయాలని ఆయన పట్టు. ఆ ఏడు ఎడ్లు పొలంలో దిగలేదు, నాట్లు పడలేదు, మా గాదె అడుగు కనిపించింది.

వకీళ్ళ ఇళ్ళకు తిరిగాను. ఒక పెద్దాయన మజ్జిగ ఇప్పించి, సాటి ప్లీడరు మీద వకాల్తా వేస్తే రేపు ఆయన మొహం ఎలా చూడమంటావమ్మా అన్నాడు. కావలిస్తే నీ దావా నువ్వే వేసుకోవచ్చు, చట్టం కాదనదు అని కూడా అన్నాడు. నన్ను గుమ్మం దాటించడానికే అన్నాడేమో తెలియదు గాని, నేనా మాట పట్టుకున్నాను.

అమ్మ తల బాదుకుంది. "ఒసే, సిన్నాన్న మీద కోర్టుకెల్తావేటే? ఊర్లో తలెత్తుకోనిస్తారేటే మనల్ని?" అని ఏడ్చింది. మా ఆయనకు విజయనగరం జూట్ మిల్లులో పని. ఆయన మాత్రం "నాకూ బయంగానే ఉన్నాది. అయినా నువ్వెల్లు, నేను బయట కూకుంటాను" అన్నాడు. సెలవు దొరికినప్పుడల్లా అలాగే వచ్చి కోర్టు అరుగు మీద కూర్చునేవాడు.

కోర్టు ఎదుట టైపు కొట్టే ఆయన చేత నా మాటల్నే దావా పద్ధతిలో కొట్టించాను. పొలం హద్దులు సరిగా రాయలేదని ఒకసారి, స్టాంపు చాలలేదని ఒకసారి ఆఫీసువాళ్ళు తిప్పి పంపారు. తిప్పినప్పుడల్లా, తప్పు రాసినందుకు నన్నే లోపల వేస్తారేమోనని వణికేదాన్ని. మా కాలపు ఆడవాళ్ళకు కోర్టన్నా జైలన్నా ఒకటే భయం కదా. చివరికి దావాకు నంబరు పడింది, చిన్నాన్నకు సమన్లు వెళ్ళాయి.

ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. నేనేసిన మంచం మీద కూర్చోకుండా, గుమ్మం బయటే నిలబడ్డాడు. కేకలేస్తే బాగుండుననిపించింది.

"అమ్మీ, కోర్టులో అడిగీది నేను, సెప్పీది నువ్వు. నీ గొంతు పెగల్దు, సూడు" అని నెమ్మదిగా చెప్పి వెళ్ళిపోయాడు.

అన్నంత పనీ చేశాడు. నేను బోనెక్కాక ఆయన అడిగింది చిన్న మాటే, సర్వే పటంలో ఆ దారి ఉందా అని. లేదు. లేదనే చెప్పాను. ఆ తరవాత ఆయన బోనెక్కి, అక్కడ దారన్నది ఏనాడూ లేదని ప్రమాణం మీద చెప్పాడు. నల్లకోట్లన్నీ వేడుక చూడ్డానికి వచ్చి గోడవార నిలబడ్డాయి. జడ్జిగారు నా వైపు తిరిగి, "మీకు వకీలు లేరు కనుక ఆయన్ని మీరే అడగాలమ్మా" అన్నారు.

నేను రాసుకెళ్ళిన ప్రశ్నల కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. కాగితం బల్ల మీద పెట్టేశాను. కాగితంలో ఉన్నదొక్కటీ నోటికి రాలేదు, ఎక్కడా రాసుకోని మాట వచ్చింది.

"సిన్నాన్నా, నాన్న పాడె ముందర నువ్వే మోసావు గదా. మన పొలంలోకి ఏ దారంట తీసికెల్లారు?"

నాన్నను మా వరిపొలంలోనే దహనం చేశాం. ఆడవాళ్ళు వీధి చివర ఆగిపోవాలి. అక్కడ నిలబడి, పాడె ఆ బండిదారిలోకి మళ్ళి కనుమరుగయ్యేదాకా చూసినదాన్ని నేను.

చిన్నాన్న బోను కమ్మీ మీద చెయ్యి వేశాడు. ఆయన అబద్ధమాడితే ఇక జన్మలో చిన్నాన్నా అని పిలవలేను. నిజం చెబితే ఆయన చేరదీసిన జూనియర్ల ముందు ఆయన తల నా మూలంగా వంగుతుంది. కోర్టుకెక్కిన ఇన్నాళ్ళలో అంత భయం నేనెప్పుడూ పడలేదు. ఆయన నన్ను చూశాడు, నాన్న పోయిన రోజు చూసినట్టే చూశాడు.

"ఆ బండిదారంటనే తీసికెల్లాం" అన్నాడు.

జడ్జిగారు రాసుకున్నారు. తీర్పు మా పక్షాన వచ్చింది, కంచె తీయించారు. గెలిచానని నాకు ఆనందమన్నది కలగలేదు. ఇంటికొచ్చి గడప మీద కూలబడి ఏడిస్తే, ఓడిపోయాననుకుని అమ్మ కూడా ఏడ్చింది. చిన్నాన్న పైకోర్టుకు వెళ్ళలేదు. మా గుమ్మం ముందుకూ రాలేదు. ఎదురుపడితే తల తిప్పుకోలేదు గాని, అమ్మీ అని మాత్రం పిలవలేదు. ఆయన పోయిన కబురు మాకు ఊరందరి తరవాత చేరింది.

ఇప్పుడు ఆడపిల్లలు కాగితాల సంచీ భుజాన వేసుకుని, ఎవరి తోడూ లేకుండా కోర్టుకెళ్ళి వస్తున్నారు. మాలాగా వణకడం లేదు. సంతోషమే. దావాలాడుకున్న అన్నదమ్ములు పెళ్ళిళ్ళలో ఒకే బంతిలో కూర్చుని భోంచేస్తున్నారు కూడా. మా రోజుల్లో బోనులో ఒక మాట అంటే అది బతికినంత కాలం ఉండిపోయేది. అందుకే అంత భయపడేవాళ్ళమేమో, చిన్నాన్నా నేనూ కూడా. ఆ భయమే ఆ పూట ఆయన చేత నిజం చెప్పించిందేమోనని నాకిప్పుడు అనిపిస్తుంది. ఆయన బతికున్న రోజుల్లో, నిజం ఎందుకు చెప్పావని అడుగుదామని ఎన్నోసార్లు ఆయన ఇంటి వీధి మలుపు దాకా వెళ్ళి, ధైర్యం చాలక వెనక్కి వచ్చేశాను.